తూటాలకు డబ్బెవరు ఇస్తున్నారో ముందు కనుక్కో

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

శాంతి చర్చలు నడిపే మధ్యవర్తి బృందంలో ఉద్యోగం వచ్చిందని, వచ్చే నెలలోనే చేరుతున్నావని రాశావు. చాలా సంతోషం తల్లీ. అంతర్యుద్ధాల్లో బయటి దేశాల జోక్యం చర్చలకు మేలు చేస్తుందా, చెరుపు చేస్తుందా అని అడిగావు. ఈ పనిలో చాలా ఏళ్లు గడిపినవాడిగా చెబుతున్నాను, ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పేవాళ్లను నమ్మకు. బయటి నుంచి ఆయుధాలు, డబ్బు అందే యుద్ధాలు మిగతావాటి కంటే ఎక్కువకాలం సాగుతాయని పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. బయటివాళ్ల పూచీ లేకపోతే కుదిరిన ఒప్పందం కూడా నిలవడం కష్టమని కూడా వాళ్లే చెబుతున్నారు. రెండూ నిజమే. అందుకే ‘జోక్యం మంచిదా, చెడ్డదా’ అనే ప్రశ్నను పక్కన పెట్టు. ఈ జోక్యం వల్ల ‘ఇంకొన్నాళ్లు ఆగితే యుద్ధంలోనే ఎక్కువ దక్కుతుంది’ అని ఎవరికి అనిపిస్తోంది? ఆ ఆశ పెరుగుతోందా, తగ్గుతోందా? నీ పనంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

చేరగానే నీకు ఎజెండా కాగితాలు, ప్రతినిధుల జాబితాలు, పాత ఒప్పందాల ప్రతులు ఇస్తారు. అవన్నీ చదువు. కానీ వాటికంటే ముందు ఒక పట్టిక నువ్వే తయారు చేసుకో. ప్రతి వర్గానికీ జీతాలు ఎక్కడి నుంచి వస్తున్నాయి, ఇంధనం ఏ సరిహద్దు దాటి వస్తోంది, గాయపడ్డవాళ్లకు ఏ దేశంలో వైద్యం జరుగుతోంది, నాయకుల కుటుంబాలు ఎక్కడ ఉంటున్నాయి, ఆకాశం నుంచి ఎవరు కాపలా కాస్తున్నారు. ప్రతినిధి నోటితో చెప్పని సంగతులు ఈ పట్టిక చెబుతుంది. ఎదుటివాడు ‘మాకు కాల్పుల విరమణ కావాలి’ అంటున్న రోజునే అతని ఓడరేవులో కొత్తగా ఆయుధాలు దిగుతుంటే, ఆ మాటకు విలువ ఎంతో నీకే తెలిసిపోతుంది.

లిబియా సంగతి చూడు. 2019 ఏప్రిల్‌లో ఐక్యరాజ్యసమితి ఘదామెస్ పట్టణంలో జాతీయ సదస్సు పెట్టడానికి అంతా సిద్ధం చేసింది. దానికి ఇంకా పది రోజులుందనగా, సమితి ప్రధాన కార్యదర్శి గుటెరస్ రాజధాని ట్రిపోలీలో ఉండగానే, దేశం తూర్పు భాగాన్ని చేతిలో పెట్టుకున్న జనరల్ హఫ్తార్ సేనలు ఆ నగరం మీదికి దాడికి కదిలాయి. ఆయనకు అంత తెగువ ఎలా వచ్చింది? వెనక ఎమిరేట్స్, ఈజిప్టు అండ ఉంది, తర్వాత రష్యా కిరాయి సైనికులు కూడా చేరారు. రాజధాని చేతికొస్తుందని నమ్మేవాడికి సదస్సులో కుర్చీ ఏమాత్రం ఆనుతుంది? 2020 జనవరిలో బెర్లిన్‌లో దేశాధినేతలందరూ కూర్చుని ఆయుధ నిషేధాన్ని గౌరవిస్తామని మాటిచ్చారు. నెల తిరగకుండానే ఆ నిషేధం ఒక జోక్‌గా మారిందని సమితి ప్రతినిధే బయటికి చెప్పాల్సి వచ్చింది.

అక్కడ కాల్పులు ఎప్పుడు ఆగాయో గమనించు. టర్కీ ట్రిపోలీ ప్రభుత్వ పక్షాన దిగి, డ్రోన్లతో, సైనిక సలహాదారులతో హఫ్తార్ సేనలను ట్రిపోలీ నుంచి వెనక్కి నెట్టింది. ఆ తర్వాత తీరపట్టణం సిర్త్ దగ్గర గీత దాటితే ఊరుకోబోనని ఈజిప్టు హెచ్చరించింది. ఇక ఎవరికీ ముందుకు పోయే దారి లేదు. 2020 అక్టోబర్ 23న జెనీవాలో కాల్పుల విరమణ మీద సంతకాలు పడ్డాయి. చర్చలను పాడుచేసింది జోక్యమే, చివరికి చర్చలకు చోటు చేసిందీ ఇంకో జోక్యమే. మాకు ఈ మాట మింగుడుపడటం కష్టం, ఎందుకంటే మధ్యలో పోయినవి మనుషుల ప్రాణాలు. అయినా నిజం నిజమే. ఇంకో నిజం కూడా ఉంది. విదేశీ బలగాలన్నీ మూడు నెలల్లో వెళ్లిపోవాలని ఆ ఒప్పందంలో రాసుకున్నారు, వెళ్లలేదు. 2021 డిసెంబర్ 24న జరగాల్సిన ఎన్నికలూ జరగలేదు. బలాబలాలు సమానమైతే తుపాకులు ఆగుతాయి, అంతే. ఎవరు పాలించాలి, చమురు డబ్బు ఎలా పంచుకోవాలి అన్నవి అలాగే మిగిలిపోతాయి. కాల్పులు ఆగిన రోజున మీ ఆఫీసులో అందరూ సంబరపడతారు. నువ్వూ సంతోషించు. మర్నాడు మాత్రం ఆ మిగిలిపోయిన వాటి జాబితా రాయడం మొదలుపెట్టు.

సిరియాలో జరిగింది దీనికి వేరు. అక్కడ ఒకవైపే బలమైన జోక్యం నిలబడింది. 2015 సెప్టెంబర్ చివర్లో రష్యా విమానాలు రంగంలోకి దిగాక, ప్రభుత్వానికి ఓటమి భయం పోయింది. అదే ఏడాది డిసెంబర్‌లో భద్రతా మండలి 2254 తీర్మానం చేసింది, అందులో రాజకీయ మార్పు, కొత్త రాజ్యాంగం, ఎన్నికలు అన్నీ ఉన్నాయి. జెనీవాలో రౌండు మీద రౌండు నడిచింది. ప్రభుత్వ పక్షం వచ్చింది, కూర్చుంది, వెళ్లింది, ఇచ్చింది మాత్రం ఏమీ లేదు. 2017లో కజకిస్తాన్ రాజధాని అస్తానాలో రష్యా, ఇరాన్, టర్కీ కలిసి నాలుగు ప్రాంతాల్లో ఉద్రిక్తత తగ్గిస్తామని ప్రకటించాయి. ఏడాది తిరిగేసరికి వాటిలో మూడు ప్రభుత్వ సేనల చేతికే వచ్చాయి. ఒక పక్షానికి బయటివాడు గెలుపు హామీ ఇచ్చినప్పుడు, చర్చల బల్ల టైమ్ కొనుక్కునే చోటుగా మారిపోతుంది. అలా గెలిచినట్టు కనిపించిన ఆ ప్రభుత్వం 2024 డిసెంబర్ 8న కూలిపోయింది. రష్యా ఉక్రెయిన్‌లో చిక్కుకుంది, ఆ ప్రభుత్వం తరఫున పోరాడిన లెబనాన్ సంస్థ హెజ్బొల్లా అప్పటికే దెబ్బతిని ఉంది. తిరుగుబాటుదారులు కదిలాక రెండు వారాలు కూడా పట్టలేదు. అండ ఉన్నప్పుడు రాజీ పడనివాడికి, అండ పోయాక రాజీ పడే సమయమే దొరకలేదు.

ఇలాంటి పరిస్థితిలో నీలాంటి చిన్న ఉద్యోగి చేయగలిగింది ఏమైనా ఉందా అంటే ఉంది. బల్ల దగ్గర ఏమీ కదలనప్పుడు మీ బృందం శక్తినంతా అక్కడే ఖర్చు పెట్టనివ్వకు. ఖైదీల మార్పిడి, ముట్టడిలో ఉన్న ఊళ్లకు మందులు, తప్పిపోయినవాళ్ల వివరాలు, వీటిలో కొంతైనా సాధించవచ్చు. ప్రాణాలు నిలబడతాయి, పరిచయాలు మిగులుతాయి. పైనున్న అండ ఎప్పుడు సడలుతుందో ఎవరికీ ముందు తెలియదు, సడలినప్పుడు పనికొచ్చేవి ఆ పరిచయాలే.

అండ సడలడం గురించే ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మధ్యవర్తికి నిజమైన అవకాశం దొరికేది అప్పుడే. ఎల్ సాల్వడోర్‌లో ప్రభుత్వానికి అమెరికా ఏళ్ల తరబడి డబ్బు, ఆయుధాలు ఇచ్చింది. 1989 నవంబర్‌లో గెరిల్లాలు రాజధానిలోకే చొచ్చుకొచ్చారు, పట్టుకోలేకపోయారు. ఆ రోజుల్లోనే సైన్యం ఆరుగురు జెసూట్ మతాచార్యులను, వాళ్ల ఇంట పనిచేసే ఆమెను, ఆమె కూతురిని చంపింది. దాంతో అమెరికా కాంగ్రెస్‌లో అసహనం పెరిగి, మరుసటి ఏడాది సైనిక సాయంలో సగం కోత పడింది. అటు గెరిల్లాలకు దన్నుగా ఉన్న నికరాగ్వా ప్రభుత్వం 1990 ఎన్నికల్లో ఓడిపోయింది, సోవియట్ కూటమి కూలుతోంది. రెండు వైపులా ఆశ ఒకేసారి సన్నగిల్లింది. సమితి తరఫున అల్వరో డి సోటో ఆ సందును వాడుకున్నారు. కొలంబియా, మెక్సికో, స్పెయిన్, వెనెజులా దేశాలను ‘మిత్రబృందం’గా కూడగట్టి, ఎవరికి వాళ్లు సొంత మధ్యవర్తిత్వం మొదలుపెట్టకుండా ఒకే తాటి మీద నిలిపారు. 1992 జనవరి 16న మెక్సికోలోని చపుల్తెపెక్ కోటలో ఒప్పందం కుదిరింది. పన్నెండేళ్ల యుద్ధం, సుమారు 75,000 ప్రాణాలు.

తజికిస్తాన్ గురించి ఎక్కువమంది మాట్లాడరు, నువ్వు మాత్రం తప్పకుండా చదువు. అక్కడ ప్రభుత్వం వెనక రష్యా ఉంది, ప్రతిపక్షానికి ఇరాన్‌తో సంబంధాలున్నాయి. చర్చలు 1994 నుంచి నత్తనడకన సాగాయి. 1996 సెప్టెంబర్‌లో పక్కనే అఫ్గానిస్తాన్‌లో తాలిబాన్ కాబూల్‌ను పట్టుకున్నారు. అది రష్యాకూ టెన్షనే, ఇరాన్‌కూ టెన్షనే. ఇంటి పక్కన నిప్పు అంటుకున్నాక ఇద్దరికీ తజికిస్తాన్‌లో యుద్ధం కొనసాగడం అక్కర్లేకుండా పోయింది. 1997 జూన్ 27న మాస్కోలో తుది ఒప్పందం మీద సంతకాలయ్యాయి, ప్రభుత్వ పదవుల్లో 30 శాతం ప్రతిపక్షానికి ఇస్తామన్నారు. గమనించావా, తజిక్ నాయకుల మనసులు మార్చడానికి ఏ మధ్యవర్తీ కొత్త వాదన కనిపెట్టలేదు. వాళ్ల వెనకున్నవాళ్ల అవసరం మారింది. అందుకే నీ బృందంలో ఒకరైనా ఆ దేశం గురించి కాకుండా, దాని పొరుగు దేశాల పత్రికలు రోజూ చదవాలి. ఆ పని నువ్వు అడిగి తీసుకో.

వెనకున్నవాళ్ల అవసరం మారితే శాంతి వచ్చేస్తుందని కూడా అనుకోకు. వాళ్లు తమ లెక్క తేల్చుకుని వెళ్లిపోవడం ఒకటి, ఆ దేశంలోవాళ్ల లెక్క తేలడం ఇంకొకటి. 1988 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో అంగోలా, క్యూబా, దక్షిణాఫ్రికా ఒప్పందం చేసుకున్నాయి. క్యూబా సైనికులు వెళ్లిపోయారు, నమీబియాకు స్వాతంత్ర్యం వచ్చింది. మంచి ఒప్పందమే. కానీ అంగోలా లోపల పోరాడుకుంటున్న రెండు పక్షాల్లో తిరుగుబాటు పక్షమైన యూనిటా ఆ బల్ల దగ్గర లేనే లేదు. లోపలి యుద్ధం 2002 దాకా సాగింది. అదే 1988లో కుదిరిన జెనీవా ఒప్పందాలతో సోవియట్ సేనలు మరుసటి ఏడాదికల్లా అఫ్గానిస్తాన్ వదిలాయి, అఫ్గాన్ల మధ్య ఏదీ తేలలేదు. ముప్పై ఏళ్ల తర్వాత అదే దేశంలో అదే కథ మళ్లీ నడిచింది. 2020 ఫిబ్రవరి 29న దోహాలో అమెరికా తాలిబాన్‌తో సంతకం చేసింది, కాబూల్ ప్రభుత్వం ఆ గదిలో లేదు. అయినా 5,000 మంది దాకా తాలిబాన్ ఖైదీలను విడిచిపెట్టాల్సింది మాత్రం ఆ ప్రభుత్వమే. సేనలు వెళ్లిపోయే తేదీ ముందే ఖాయమయ్యాక, అఫ్గాన్లు తమలో తాము చర్చించుకోవాల్సిన బల్ల దగ్గర తాలిబాన్ ఎందుకు తగ్గుతారు? 2021 ఆగస్టు 15న కాబూల్ పడిపోయింది. ఆ చర్చల్లో కూర్చున్న అఫ్గాన్ మహిళలు నలుగురు. వాళ్లు బల్ల మీద పెట్టిన ప్రతి మాటా ఎలా కొట్టుకుపోయిందో తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. ఒక పక్షాన్ని నిలబెట్టినవాడు, ఆ పక్షం లేకుండా అవతలివాళ్లతో మాట్లాడటం మొదలుపెట్టాడని తెలిస్తే, వెంటనే మీ పెద్దలకు చెప్పు. ఆ రోజు నుంచి మీ చర్చలు వేరే చర్చలు.

ఇక శ్రీలంక. దీని మీద కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఒకే దేశంలో రెండు రకాల జోక్యం, రెండు రకాల వైఫల్యం కనిపిస్తాయి. 1980ల్లో తమిళ సాయుధ సంస్థలకు భారత్‌లో శిక్షణ, ఆశ్రయం దొరికాయి. తర్వాత అదే భారత్ మధ్యవర్తి అయింది. 1987 జూలై 29న రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే కొలంబోలో ఒప్పందం మీద సంతకాలు చేశారు. యుద్ధం చేస్తున్న ఎల్టీటీఈ సంతకందారు కాదు. ఆయుధాలు అప్పగించాల్సింది మాత్రం వాళ్లు. శాంతి కాపాడటానికి వెళ్లిన భారత సేన అక్టోబర్ నాటికి ఆ సంస్థతోనే యుద్ధంలో పడింది. కొలంబోలోనూ ఆ సేన మీద కోపం పెరిగింది. ప్రేమదాస అధ్యక్షుడయ్యాక భారత సేన వెళ్లిపోవాలని పట్టుబట్టారు, దాన్ని సాగనంపడానికి ఎల్టీటీఈకే ఆయుధాలు అందించారు. 1990 మార్చిలో ఆఖరి సైనికుడు వెనక్కి వచ్చేసరికి సుమారు 1,200 మంది భారత సైనికులు చనిపోయారు. మరుసటి ఏడాది రాజీవ్ గాంధీని శ్రీపెరంబుదూరులో చంపేశారు. ఒకే దేశం ముందు ఒక పక్షానికి అండగా, ఆపై మధ్యవర్తిగా, ఆపై పూచీదారుగా, చివరికి యుద్ధంలో పక్షంగా మారితే ఏ ఒక్కరికీ దాని మీద నమ్మకం మిగలదు. ఆ ఒప్పందం వల్ల వచ్చిన 13వ సవరణ, ప్రాంతీయ మండళ్లు ఇప్పటికీ శ్రీలంక రాజ్యాంగంలో ఉన్నాయి. అంటే కాగితంలో సరుకు ఉంది. దాన్ని నిలబెట్టాల్సిన చేయి మీద ఎవరికీ నమ్మకం లేదు, అదే అసలు లోటు.

రెండోసారి నార్వే వచ్చింది. అక్కడ దాని సైన్యం లేదు, శ్రీలంకతో సరిహద్దు లేదు, సొంత ప్రయోజనం పెద్దగా లేదు. 2002 ఫిబ్రవరి 22న కాల్పుల విరమణ, నార్డిక్ దేశాల పర్యవేక్షకులు, సెప్టెంబర్ నుంచి ఆరు దఫాల చర్చలు. మూసుకుపోయిన రోడ్లు తెరుచుకున్నాయి, జనం ఊపిరి పీల్చుకున్నారు. కానీ జోక్యం అంటే సైన్యమే కానక్కర్లేదు. నిషేధిత సంస్థల జాబితా కూడా జోక్యమే. అమెరికా నిషేధం ఉండటంతో 2003 ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లో జరిగిన సాయం సమావేశానికి ఎల్టీటీఈ వెళ్లలేకపోయింది. ఆ నెలలోనే చర్చల నుంచి తప్పుకుంది. జూన్‌లో టోక్యోలో దాతలు 450 కోట్ల డాలర్లు ఇస్తామన్నారు, శాంతి ముందుకు సాగితేనే అని షరతు పెట్టారు. ఆ ఎర పనిచేయలేదు. 2006 మే నెలలో యూరోపియన్ యూనియన్ కూడా ఆ సంస్థను నిషేధించింది. వెంటనే ఈయూ దేశాల పర్యవేక్షకులు వెళ్లిపోవాలని ఎల్టీటీఈ పట్టుబట్టింది. స్వీడన్, ఫిన్లాండ్, డెన్మార్క్ మనుషులు వెళ్లిపోయారు. నార్వే, ఐస్‌లాండ్ మిగిలాయి. పర్యవేక్షణ ఎక్కువ అవసరమైన సమయంలోనే అది చిక్కిపోయింది.

నిషేధానికి కారణాలు లేవని నేను అనడం లేదు. హత్యలు, పిల్లలను సైన్యంలో చేర్చుకోవడం నిజంగా జరిగాయి, వాటిని చూసీ చూడనట్టు ఉండమని నీకు ఎప్పుడూ చెప్పను. నేను చెప్పేది ఒక్కటే. నిషేధం విధించే ముందు, చర్చల మీద దాని ప్రభావం ఏమిటో, పర్యవేక్షకులు ఏమవుతారో, ఏం చేస్తే ఎత్తేస్తారో ఆ దేశాలు మధ్యవర్తితో కూర్చుని ఆలోచించాలి. ఎత్తేసే దారి రాసి లేని నిషేధం చర్చల్లో పట్టు ఇవ్వదు. 2008 జనవరిలో ప్రభుత్వం కాల్పుల విరమణ నుంచి అధికారికంగా తప్పుకుంది. 2009 మే నెలలో యుద్ధం ముగిసింది. చివరి నెలల్లో తీరపు ఇసుక మీద ఇరుక్కుపోయిన వేలాది సామాన్యులు చనిపోయారు. ఆ ఫైళ్లు చదివే రోజు వస్తే తీరిగ్గా చదువు, పేజీలు తిప్పేయకు.

గడువులు పెట్టడం గురించి కొంచెమే చెబుతాను. పెద్ద దేశాల ప్రతినిధులకు గడువులంటే ఇష్టం. 1995 నవంబర్‌లో అమెరికాలోని డేటన్ సైనిక స్థావరంలో మూడు వారాలు కూర్చోబెట్టి బోస్నియా ఒప్పందం సాధించారు కాబట్టి అన్నిచోట్లా అదే మంత్రం అనుకుంటారు. డేటన్ వెనక నాటో బాంబు దాడులున్నాయి, నేల మీద మారిపోయిన బలాబలాలున్నాయి, సంతకం తర్వాత దిగడానికి 60,000 మంది సైనికులు సిద్ధంగా ఉన్నారు. 2006లో సూడాన్‌లోని డార్ఫూర్ యుద్ధం మీద చర్చల కోసం నైజీరియా రాజధాని అబూజాలో ఏప్రిల్ చివర ముసాయిదా చేతికిచ్చి అయిదు రోజుల్లో తేల్చమన్నారు. పెద్ద పెద్ద దూతలు విమానాల్లో దిగారు. మే 5న తిరుగుబాటు వర్గాల్లో ఒక్క మిన్నీ మిన్నావీ వర్గమే సంతకం పెట్టింది. మిగతావాళ్లు పెట్టలేదు, ఆ తర్వాత ఇంకా చీలిపోయారు. యుద్ధం ఆగలేదు సరికదా, ఒప్పందం కాగితమే కొత్త గొడవకు కారణమైంది. ‘ఫలానా తేదీలోగా’ అని ఎవరైనా అంటే, ఆ తేదీ మర్నాడు మీ దగ్గర ఏముందో అడుగు. ఏమీ లేకపోతే ఆ తేదీ ఆ దేశపు ఎన్నికల కోసమో, శిఖరాగ్ర సభ కోసమో పెట్టింది.

సంతకం తర్వాతి సంగతి అన్నిటికంటే ముఖ్యం, జనం తక్కువగా మాట్లాడేదీ దీని గురించే. దేశాల మధ్య యుద్ధం ఆగితే ఎవరి సైన్యం వాళ్ల దగ్గరే ఉంటుంది. అంతర్యుద్ధంలో అలా కాదు. ఒక పక్షం తుపాకులు దించి అవతలివాళ్ల ప్రభుత్వంలో, పోలీసుల మధ్య బతకాలి. దించిన మర్నాడు తలుపు కొట్టి తీసుకుపోతే? ఈ భయం ఉత్త అనుమానం కాదు, ప్రాణభయం. షరతులన్నీ కుదిరాక కూడా చర్చలు విరిగిపోయేది చాలాసార్లు ఇక్కడే. బయటివాళ్లు చేయగలిగిన మేలులో పెద్దదీ ఇక్కడే ఉంది.

అంగోలాలో 1991 ఒప్పందం తర్వాత ఎన్నికలు పర్యవేక్షించడానికి సమితి పంపిన సైనిక పరిశీలకులు కొన్ని వందలమందే. బోయింగ్ 747 ఇచ్చి చిన్న డకోటా విమానానికి సరిపడా ఇంధనం పోశారని ఆ మిషన్‌ను నడిపిన మార్గరెట్ ఆన్‌స్టీ వాపోయారు. రెండు సైన్యాలూ పూర్తిగా రద్దు కాకముందే 1992 సెప్టెంబర్‌లో ఓటింగ్ జరిగింది. ఫలితం నచ్చని యూనిటా నాయకుడు సవింబీ మళ్లీ యుద్ధానికి వెళ్లాడు, వెళ్లడానికి సైన్యం ఉంది మరి. ఆ పాఠం వెంటనే మొజాంబిక్‌లో పనికొచ్చింది. రోమ్‌లో శాంట్ ఎజీడియో అనే క్యాథలిక్ సమాజం ఓపిగ్గా రెండేళ్లకు పైగా నడిపిన చర్చలు 1992 అక్టోబర్ 4న ఒప్పందంగా ముగిశాయి. ఈసారి సమితి వేలమంది సైనికులను పంపింది, సైన్యాలు రద్దయ్యేదాకా ఎన్నికలను 1994 అక్టోబర్ దాకా వాయిదా వేసింది. అడవిలో నుంచి వచ్చిన తిరుగుబాటు సంస్థ రెనామో రాజకీయ పార్టీగా మారడానికి ఇటలీ లాంటి దేశాల డబ్బుతో ఒక నిధి కూడా పెట్టారు. కొందరికి అది లంచంలా కనిపించింది. నాకు అలా కనిపించదు. ఆఫీసు అద్దె, నాయకులకు ఇల్లు, గౌరవంగా వేసుకునే బట్టలు, ఇవి లేకుండా తుపాకి వదిలి రాజకీయాల్లోకి రమ్మంటే ఎవరు వస్తారు?

నేపాల్ వివరం ఒకటి నాకు చాలా ఇష్టం. 2006 నవంబర్ 21న సమగ్ర శాంతి ఒప్పందం కుదిరాక, మావోయిస్టులు ఆయుధాలు ‘అప్పగించం’ అన్నారు. అప్పగిస్తే ఓడిపోయినట్టే కదా. అందుకని వాళ్ల శిబిరాల్లోనే కంటైనర్లలో పెట్టి తాళం వేశారు, తాళంచెవి వాళ్ల కమాండర్ దగ్గరే ఉంది. సమితి మనుషులు కెమెరాలు, అలారంలతో కాపలా కాశారు. అంతే లెక్కలో ప్రభుత్వ సైన్యం కూడా తన ఆయుధాలు దాచిపెట్టింది. ఎవరి గౌరవమూ పోలేదు, ఎవరికీ మోసపోతామన్న భయం లేదు. ఆ చర్చల్లో అసలు మాటలు నేపాలీలే మాట్లాడుకున్నారు. దానికి ఏడాది ముందు పార్టీలకు, మావోయిస్టులకు పన్నెండు అంశాల అవగాహన ఢిల్లీలో కుదిరింది, భారత్ దానికి అడ్డు చెప్పకపోవడం పెద్ద సాయమే. సమితి మాత్రం వాళ్లు అడిగిన పనికే వచ్చింది, 2011 జనవరిలో వెళ్లిపోయింది. బయటివాడు ఎంత చేయాలో లోపలివాళ్లే కొలిచి అడిగితే పని ఇలా ఉంటుంది. మీ చర్చల్లో ఆయుధాల అంశం వచ్చినప్పుడు, ‘అప్పగింత ఎప్పుడు’ అని మొదలుపెట్టనివ్వకు. తాళంచెవి ఎవరి దగ్గర, కాపలా ఎవరిది, అవతలివాళ్లు బదులుగా ఏం దాచిపెడతారు అన్న ప్రశ్నలతో మొదలుపెట్టించు.

ఇంకో రెండు విషయాలు నేరుగా నీ గురించి. పొరుగు దేశాల రాయబారులు నిన్ను వెతుక్కుంటూ వస్తారు, చాలా మర్యాదగా మాట్లాడతారు. వాళ్లతో మాట్లాడటం మానకు, కానీ ఒక పక్షం చెప్పిన రహస్యాన్ని వాళ్ల ముందు ఎప్పుడూ పెట్టకు. రెండోది, ఆ దేశపు ఆడవాళ్లు, ఊళ్లు వదిలి వచ్చినవాళ్లు, పంతుళ్లు, నర్సులు, వీళ్లెవరి వెనకా విదేశీ డబ్బు ఉండదు. అందుకే బల్ల దగ్గర వాళ్లకు కుర్చీ కూడా ఉండదు. బయటి జోక్యం చేసే చెరుపుల్లో నేను అన్నిటికంటే ఎక్కువగా బాధపడేది దీనికే: తుపాకి ఉన్నవాడికి, తుపాకి ఇచ్చినవాడికి మాత్రమే చోటు దొరుకుతుంది. నీ ఉద్యోగం చిన్నదే కావచ్చు, ఎవరెవరితో మాట్లాడాలన్న జాబితా టైపు చేసేది మాత్రం నువ్వే. అందులో వాళ్ల పేర్లు ముందుకు తీసుకురా, ప్రతి వారం.

ఒప్పందం ముసాయిదా చేతికి వచ్చిన రోజున పీఠిక వదిలేసి అనుబంధాలతో మొదలుపెట్టు. విదేశీ బలగాలు వెళ్లిపోవాలని ఉంటే, వెళ్లారో లేదో ఎవరు చూస్తారు, చూసేవాళ్లకు ఆ స్థావరాల లోపలికి అనుమతి ఉందా, వెళ్లకపోతే ఏమవుతుంది అన్నవి రాసి ఉన్నాయా చూడు. సైనికుల జీతాలు ఆరో నెల నుంచి ఎవరిస్తారో చూడు. పర్యవేక్షకుల దేశాలేవో చూసి, వాటిలో ఏ దేశానికైనా ఏ పక్షం మీదైనా నిషేధం ఉందేమో సరిచూడు. ఏదైనా ఖాళీగా కనిపిస్తే, చిన్నదాన్ని కదా అని ఊరుకోకుండా మీ బృంద నాయకుడికి ఆ సాయంత్రమే రాతపూర్వకంగా ఇవ్వు, ఒక ప్రతి నీ దగ్గర ఉంచుకో.

బయలుదేరే ముందు ఒకసారి ఫోన్ చెయ్యి. మీ అమ్మకు నేను చెబుతానులే, కంగారు పడొద్దని.

ఆశీస్సులతో,
మామయ్య